ఐపీ పెడితే కోర్టులో జరిగేదేంటి?

తెలుగు పత్రికల జిల్లా పేజీలు చదివేవారికి ‘మూడు కోట్లకు ఐపీ’ తరహా శీర్షిక కొత్త కాదు. పత్తి వ్యాపారో, చిట్టీలు నడిపే మనిషో, బంగారం కొట్టు యజమానో అప్పులు తీర్చలేనంటూ కోర్టులో దివాలా పిటిషన్ వేస్తాడు. ఇన్సాల్వెన్సీ పిటిషన్, పొట్టిగా ఐపీ అంటే అదే. ‘ఫలానావాడు ఐపీ పెట్టేశాడట’ అని ఊళ్లో గుప్పుమంటుంది. ప్రామిసరీ నోట్లు పట్టుకుని అప్పిచ్చినవాళ్లు ఆ ఇంటికి పరుగెత్తుతారు. ఇంటికి తాళం వేసి ఉంటుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఆ తర్వాత కోర్టులో ఏమవుతుందో అప్పుపడినవాడికీ, అప్పిచ్చినవాడికీ కూడా సరిగా తెలియదు. ఐపీ పెడితే బాకీ పోయినట్టేనని ఇద్దరూ నమ్ముతారు, ఒకరు ఆశతో, ఇంకొకరు కడుపుమంటతో. నిజానికి పిటిషన్ వేసిన రోజున ఒక్క రూపాయి బాకీ కూడా రద్దు కాదు. చాలా ఐపీల్లో ఆ తర్వాత కూడా కాదు.

దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లోనే వేరే చట్టం చేశారు. మిగతా చోట్లకు ఇది. 2016లో కేంద్రం కొత్త దివాలా స్మృతి, అంటే ఐబీసీ తెచ్చినప్పుడు ఈ రెండు పాత చట్టాలనూ రద్దు చేసే సెక్షన్ 243ను అందులో పెట్టింది. కంపెనీలకు సంబంధించిన భాగం ఆ ఏడాది డిసెంబరులోనే అమల్లోకి వచ్చింది. వ్యక్తులకు సంబంధించిన మూడో భాగం మాత్రం 2019 డిసెంబరు 1 నుంచి ఒకే ఒక్క వర్గానికి వర్తించింది: కంపెనీలు చేసిన అప్పులకు సొంత హామీ ఇచ్చినవారికి. దాన్ని సుప్రీంకోర్టు 2021లో సమర్థించింది కూడా. మామూలు మనిషి దివాలాకు సంబంధించిన సెక్షన్లు, పాత చట్టాల రద్దు సెక్షన్ మాత్రం కాగితం మీదే ఉన్నాయి. కాబట్టి నరసరావుపేటలో కిరాణా వ్యాపారి అయినా, కరీంనగర్‌లో చిన్న కాంట్రాక్టరైనా అప్పులు తీర్చలేక కోర్టుకెక్కాలంటే నూరేళ్లు దాటిన చట్టమే దిక్కు.

ఆ చట్టం వయసు దాని అంకెల్లో తెలుస్తుంది. బాకీలన్నీ కలిపి 500 రూపాయలుంటే చాలు, ఐపీ వేయవచ్చు. యజమాని దివాలా తీస్తే గుమాస్తాకూ, పనివాడికీ రావాల్సిన నాలుగు నెలల జీతాన్ని మిగతా బాకీలకంటే ముందు చెల్లించాలని చట్టం దయతలచింది. అయితే దానికి గరిష్ఠ పరిమితి మొత్తం మీద 20 రూపాయలు. 1920లో ఆ డబ్బుకు విలువ ఉండి ఉంటుంది. ఇవాళ ఒక టీ, ఒక సమోసా.

పిటిషన్‌లో ఏముంటుంది

చట్టం ప్రకారం దివాలా వ్యవహారాలు చూసే అధికారం జిల్లా కోర్టుది. దాన్ని కింది కోర్టులకూ అప్పగించే వీలుంది కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఐపీలు మామూలుగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో పడతాయి. పాతవాళ్లు సబ్ కోర్టు అనేది దీన్నే. అప్పుపడిన మనిషి ఎక్కడ కాపురం ఉంటున్నాడో, ఎక్కడ వ్యాపారం చేస్తున్నాడో ఆ ప్రాంతపు కోర్టులోనే వేయాలి. కనీసం 500 రూపాయల బాకీ ఉండటం ఒక అర్హత. డిక్రీ, అంటే బాకీ కట్టమన్న కోర్టు తీర్పు, అమలులో అరెస్టయి ఉండటం, లేదా ఆస్తి మీద జప్తు ఉత్తర్వు ఉండటం కూడా అర్హతలే. వీటిలో ఏదో ఒకటి ఉంటే సరిపోతుంది. వీటన్నిటికీ మూలం, అప్పు తీర్చలేని స్థితిలో ఉండటం.

ఒక ఉదాహరణ అనుకుందాం. మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల దుకాణం. యజమాని రైతులకు ఖాతా మీద సరుకిస్తాడు, పంట అమ్మాక వసూలు చేసుకుంటాడు. సరుకిచ్చిన డిస్ట్రిబ్యూటర్లకు మాత్రం గడువులోపు కట్టాలి. ఆ సందు పూడ్చుకోవడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి నోట్లు రాసి అప్పు తెస్తాడు. వరసగా రెండేళ్లు పంట పోయింది. ఇప్పుడు అతనికి బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు 25 లక్షలు, జీఎస్టీ బకాయి 2 లక్షలు, డిస్ట్రిబ్యూటర్లకూ నోట్లవాళ్లకూ కలిపి 72 లక్షలు ఉంది. ఆస్తి అంటే ఆ ఇల్లు, కొట్లో సరుకు, రైతుల దగ్గర వసూలు కావాల్సిన ఖాతాలు. రోడ్డు పక్కన ఒక ఇంటి స్థలం కూడా ఉండేది. దాన్ని పద్నాలుగు నెలల కిందట బావమరిది పేరిట రిజిస్ట్రేషన్ చేశాడు.

ఇతని పిటిషన్‌లో రెండు జాబితాలే ప్రాణం. మొదటిది అప్పుల జాబితా: ఎవరికి, ఎంత, ఎప్పటి నుంచి, వాళ్ల చిరునామా ఏమిటి. రెండోది ఆస్తుల జాబితా: ఏది, ఎక్కడ, విలువెంత. చట్టం మినహాయించినవి తప్ప మిగతా ఆస్తినంతా కోర్టుకు అప్పగించడానికి సిద్ధమేనని కూడా అందులోనే రాసివ్వాలి. చాలామంది సంతకం పెట్టేటప్పుడు పట్టించుకోని వాక్యం ఇదే. ఐపీ పెట్టడమంటే ‘నా ఆస్తి తీసుకుని పంచుకోండి’ అని కోర్టుకు రాసివ్వడం. అంతకుముందు ఎప్పుడైనా ఐపీ వేసి ఉంటే ఆ సంగతీ చెప్పాలి.

జాబితాలో ఉన్న ప్రతి అప్పులవాడూ, అంటే అప్పిచ్చిన ప్రతివాడూ, ప్రతివాది అవుతాడు, ప్రతివాడికీ నోటీసు వెళ్లాలి. నలభై మంది ఉంటే నలభై నోటీసులు, నలభై కాపీలు, అందరికీ ప్రాసెస్ ఫీజు. ఒకాయన ఇల్లు మారాడు, ఒకాయన చనిపోయాడు, ఒకావిడ నోటీసు తీసుకోనని వెనక్కి పంపింది. ఇక పేపరు ప్రకటన, మళ్లీ చిరునామా, మళ్లీ వాయిదా. ఐపీ ఆలస్యానికి జడ్జినో లాయరునో తిట్టుకునేవాళ్లు ఉంటారు గానీ, సగం వాయిదాలకు మూలం మొదటి రోజు హడావిడిగా తయారుచేసిన ఆ చిరునామాల జాబితాలోనే ఉంటుంది.

ఇంకో సంగతి. అప్పులవాళ్లను దారికి తెచ్చుకోవడానికి ఐపీ పడేసి, బయట రాజీ కుదిరితే ఉపసంహరించుకుందామనుకుంటే కుదరకపోవచ్చు. ఒకసారి వేసిన పిటిషన్‌ను కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకునే వీల్లేదు.

దావాలు ఆగుతాయా, అరెస్టు ఆగుతుందా

ఐపీ నంబరు పడగానే అన్ని కేసులూ ఆగిపోతాయన్నది పెద్ద అపోహ. చట్టం చెప్పేది వేరు. దివాలా తీసినట్లు కోర్టు ఉత్తర్వు ఇచ్చాకే, కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు కొత్త దావా వేయకూడదన్న నిషేధం మొదలవుతుంది. అప్పటికే నడుస్తున్న దావాలను ఆపడమో, షరతులతో సాగనివ్వడమో కూడా ఆ ఉత్తర్వు రుజువు చూపించాకే. పిటిషన్ పెండింగ్‌లో ఉన్నంతకాలం నోటు మీద దావా వేసినవాడి కేసు మామూలుగా నడుస్తూనే ఉంటుంది. డిక్రీ కూడా వస్తుంది. జప్తులో ఉన్న ఆస్తి విషయంలో మాత్రం తేడా ఉంది. ఐపీ విచారణకు స్వీకరించారని వేలానికి ముందే అమలు కోర్టుకు తెలియజేసి దరఖాస్తు పెట్టుకుంటే, ఆ కోర్టు తన చేతిలోని ఆస్తిని రిసీవరుకు, అంటే దివాలా ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టే అధికారికి, అప్పగించాలి. వేలం అయిపోయాక పరుగెత్తితే ఇల్లు చెయ్యి దాటిపోతుంది.

అరెస్టు భయం ఐపీకి అసలు ప్రేరణ. డిక్రీ తెచ్చుకున్నవాడు ఈపీ, అంటే డిక్రీ అమలు పిటిషన్, వేసి సివిల్ జైలుకు పంపిస్తానంటాడు. ఇందులో నిజం కొంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం డబ్బు డిక్రీలో ఆడవాళ్లను అరెస్టు చేయడానికి వీల్లేదు. మగవాళ్ల విషయంలోనూ డిక్రీ మొత్తం 2,000 రూపాయలకు మించకపోతే జైలు లేదు. 5,000 దాటితే గరిష్ఠంగా మూడు నెలలు. పైగా జైల్లో ఉన్నన్నాళ్లూ అతని తిండి ఖర్చు కట్టాల్సింది అరెస్టు చేయించిన అప్పులవాడే. కట్టడం మానేస్తే వదిలేస్తారు. చేతిలో డబ్బు లేక తీర్చలేని మనిషిని కేవలం బాకీ ఉన్నందుకు జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. ఉండి కూడా ఎగవేస్తున్నాడని చూపించాల్సిన భారం అప్పిచ్చినవాడి మీదుంది. అరెస్టు చేసి తెచ్చిన మనిషికి దివాలా దరఖాస్తు పెట్టుకునే అవకాశం ఉందని కోర్టే చెప్పాలి. నెలలోపు ఐపీ వేస్తానని జామీను ఇస్తే వదిలిపెట్టవచ్చు. దివాలా ఉత్తర్వు వచ్చాక అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు కూడా అడగవచ్చు.

క్రిమినల్ వ్యవహారాలు మాత్రం ఈ గొడుగు కిందికి రావు. చెక్కు బౌన్స్ కేసు దాని దారిన అది నడుస్తుంది. జనం దగ్గర డిపాజిట్లు, చిట్టీ డబ్బులు వసూలు చేసి బోర్డు తిప్పేసినవాడి మీద పోలీసులు పెట్టే చీటింగ్ కేసూ అంతే. అందుకే చిట్టీల కేసుల్లో ఐపీ పెట్టినా సబ్ జైలు తప్పలేదన్న వార్తలు వస్తుంటాయి.

బోనెక్కిన రోజు

విచారణ రోజున పిటిషనరు బోనెక్కాలి. అప్పులవాళ్ల సమక్షంలో అతని నడవడి, లావాదేవీలు, ఆస్తుల గురించి కోర్టు విచారిస్తుంది. తీర్చలేని స్థితిలో ఉన్నానని పూర్తిస్థాయిలో నిరూపించనక్కర్లేదు, పైకి అలా కనబడితే చాలు. అయితే ప్రతివాదుల లాయర్లు ఊరికే కూర్చోరు. ఎరువుల వ్యాపారికి ఎదురయ్యే ప్రశ్నలు ఇంచుమించు ఇలా ఉంటాయి: చివరి ఏడాది తెచ్చిన అప్పంతా ఏ ఖాతాలో పడింది? స్టాకు రిజిస్టరు ఏది? రైతుల ఖాతా పుస్తకం కోర్టుకు ఎందుకు తేలేదు? బావమరిది స్థలానికి డబ్బు చెక్కుగా ఇచ్చాడా, నగదుగానా? అన్నిటికీ అతను కాదంటూ పోతే వాంగ్మూలంలో ఒకే రకం వాక్యాలు వరుసగా పడతాయి: ‘స్థలాన్ని దాచిపెట్టడానికే నా బావమరిది పేరిట రాశానంటే నిజం కాదు. వసూళ్లు తక్కువ చేసి చూపించానంటే నిజం కాదు. అప్పులవాళ్లను మోసగించడానికే ఈ పిటిషన్ వేశానంటే నిజం కాదు.’ ఈ వాక్యాలు ఎవరినీ ముంచవు, ఎవరినీ గట్టెక్కించవు. తేల్చేవి కాగితాలు: బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), రిజిస్ట్రేషన్ తేదీలు, జీఎస్టీ రిటర్నులు.

జాబితాలో చూపిన ఆస్తుల అసలు విలువ అప్పులకంటే ఎక్కువని తేలితే పిటిషన్ కొట్టేస్తారు. ఆస్తులకు తక్కువ ధర కట్టి చూపడం ఐపీలు వీగిపోవడానికి మామూలు కారణం. అతని దుబారా, జూదం, నిర్లక్ష్యం గురించిన లోతైన విచారణను మాత్రం చట్టం ప్రధానంగా చివరి మెట్టుకు, బాకీల నుంచి విముక్తినిచ్చే డిశ్చార్జికి దాచి ఉంచింది.

తాళంచెవులు రిసీవరు చేతికి

దివాలా ఉత్తర్వుతో అసలు మార్పు మొదలవుతుంది. ఆ క్షణం నుంచి ఆస్తి అతనిది కాదు. కోర్టుకో, కోర్టు నియమించిన అఫీషియల్ రిసీవరుకో దఖలు పడుతుంది. ఉత్తర్వు గెజిట్‌లో ప్రచురితమవుతుంది. దాని ప్రభావం పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క. కాబట్టి పిటిషన్ వేసిన తర్వాత, ఉత్తర్వు రాకముందు చేసిన అమ్మకాలకూ చిక్కే.

ఇక్కడ చాలామంది ఊహించని నిబంధన ఒకటుంది. డిశ్చార్జి అయ్యేదాకా అతనికి కొత్తగా దక్కే ఆస్తి కూడా రిసీవరుకే చెందుతుంది. ఐపీ నడుస్తుండగా తండ్రి చనిపోయి రెండెకరాల వాటా వచ్చిందనుకోండి, ఆ వాటా మీద మొదటి హక్కు అతనికి కాదు, అప్పులవాళ్లకు.

అన్నీ లాక్కోరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జప్తు చేయకూడనివి ఇక్కడా మినహాయింపే: కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీంచి తీయకూడని నగలు, చేతిపనివాళ్ల పనిముట్లు, రైతు అరక, ఎడ్లు, ప్రావిడెంట్ ఫండు. ఉద్యోగి జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టరు. రైతు, కూలీ స్వయంగా కాపురమున్న ఇంటికీ రక్షణ ఉంది. ఎరువుల వ్యాపారి రైతు కాదు కాబట్టి అతని ఇంటికి అది లేదు. ఎలాగూ ఆ ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది.

తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకు ఐపీతో దాదాపు పని లేదు. తన తాకట్టు ఆస్తిని అమ్ముకునే హక్కు దానికి అలాగే ఉంటుంది. అమ్మగా మిగిలితే రిసీవరుకు ఇస్తుంది, తగ్గితే ఆ తగ్గినదానికి మిగతావాళ్లతో పాటు వరుసలో నిలబడుతుంది. హోమ్ లోను వాయిదాలు కట్టలేక, ఇల్లు కాపాడుకోవడానికి ఐపీ వేద్దామనుకునేవారు ఈ ఒక్క ముక్క ముందే తెలుసుకుంటే లాయరు ఫీజైనా మిగులుతుంది.

ఇక బావమరిది పేరిట రాసిన స్థలం. దివాలా పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు చేసిన బదిలీలను, అవి నిజాయితీగా, తగిన ప్రతిఫలానికి కొన్నవారికి చేసినవి కాకపోతే, కోర్టు రద్దు చేయవచ్చు. పెళ్లి నిమిత్తం చేసిన బదిలీని కూడా చట్టం వదిలేసింది. కట్నంగా రాశామన్న వాదన అందుకే వినిపిస్తూ ఉంటుంది. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక అప్పులవాడికి మాత్రమే ప్రత్యేకంగా మేలు చేస్తూ తీర్చిన బాకీ కూడా చెల్లదు. రద్దు కోసం దరఖాస్తు చేయాల్సింది రిసీవరు. ఆయన కదలకపోతే, బాకీ రుజువు చేసుకున్న అప్పులవాడు కోర్టు అనుమతితో తానే చేయవచ్చు.

ఈ ఒక్క స్థలం లెక్కను ఎలా మారుస్తుందో చూడాలి. ఇంటిని బ్యాంకు 31 లక్షలకు అమ్మి తన 25 లక్షలు తీసుకుంటే 6 లక్షలు మిగిలాయి. సరుకు, ఖాతాల వసూళ్లు 4 లక్షలు. స్థలం తిరిగి రాకపోతే ఉన్నది 10 లక్షలు. అందులో జీఎస్టీ 2 లక్షలు ముందు పోతాయి, ప్రభుత్వ బాకీకే తొలి పీట. రిసీవరు కమిషన్, వేలం, ప్రకటనల ఖర్చు 2 లక్షలనుకుంటే మిగిలేది 6 లక్షలు. 72 లక్షల బాకీకి పంచితే రూపాయికి 8 పైసల చిల్లర. లక్ష ఇచ్చినవాడికి 8,333 రూపాయలు. స్థలం రద్దయి 12 లక్షలు వస్తే పంచేది 18 లక్షలు, రూపాయికి 25 పైసలు, లక్షకు 25 వేలు. అప్పిచ్చినవాళ్లు ఐపీ నోటీసు చింపి పారేసి బయట తిట్టుకుంటూ కూర్చుంటే, మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య తేడా ఆ బావమరిది ఇంట్లోనే ఉండిపోతుంది.

అప్పిచ్చినవాడు చేయాల్సింది

నోటీసు అందగానే కోర్టుకు హాజరై, బాకీని అఫిడవిట్‌తో రుజువు చేసుకుని అప్పులవాళ్ల షెడ్యూల్‌లో పేరు ఎక్కించుకోవడం మొదటి పని. రిజిస్టరు పోస్టులో పంపినా చెల్లుతుంది. ఇది చేయనివాడికి పంపకంలో వాటా రాదు. ఇంకో దెబ్బ కూడా ఉంది. తర్వాత ఎప్పుడైనా దివాలా ఉత్తర్వు రద్దయితే, ఆ మధ్యలో గడిచిన కాలాన్ని దావా గడువులోంచి మినహాయిస్తారు. ఆ మినహాయింపు బాకీ రుజువు చేసుకున్నవారికే. నోటు మీద దావాకు గడువు మూడేళ్లు. ఐపీ ఉంది కదా అని ఊరుకున్నవాడి నోటు ఈలోగా మురిగిపోతుంది.

అంతకంటే బలమైన ఆయుధం ఒకటుంది గానీ వాడేవారు తక్కువ. ఐపీ అప్పుపడినవాడే వేయాలని లేదు. అప్పిచ్చినవాడూ వేయవచ్చు. అప్పులవాళ్లకు అందకుండా ఆస్తి బదిలీ చేయడం, ఇల్లు విడిచి పరారవడం, తలుపులు వేసుకుని మొహం చాటేయడం, ఇక చెల్లించనని అప్పులవాళ్లకు తెలియజేయడం, ఇవన్నీ చట్టం దృష్టిలో దివాలా చర్యలు. అలాంటిది జరిగిన మూడు నెలల్లోపు అప్పిచ్చినవాడు పిటిషన్ వేస్తే, కోర్టు మధ్యంతర రిసీవరును పెట్టి ఆస్తిని అదుపులోకి తీసుకోవచ్చు. మామూలు దావా గెలిస్తే వేసినవాడి బాకీ ఒక్కటే వసూలవుతుంది, అదీ ఆస్తి ఇంకా మిగిలి ఉంటే. ఇందులో బంధువుల పేర్లకు మారిన ఆస్తి వెనక్కి వచ్చే దారి ఉంది. అయితే అలా వచ్చింది అందరికీ పంచాలి. తను ఖర్చు పెట్టి తెచ్చింది పక్కవాడికీ పోతుందన్న లెక్కతోనే చాలామంది వెనకడుగు వేస్తారు.

చివరి మెట్టు ఎక్కేవారు ఎందరు

బాకీ నుంచి నిజంగా విముక్తి ఇచ్చేది డిశ్చార్జి ఉత్తర్వు ఒక్కటే. దివాలా ఉత్తర్వులోనే, ఎన్నాళ్లలోపు డిశ్చార్జికి దరఖాస్తు చేయాలో కోర్టు గడువు పెడుతుంది. ఆ గడువు దాటితే దివాలా ఉత్తర్వే రద్దు కావచ్చు. రద్దయితే అప్పులవాళ్లు మళ్లీ దావాలతో, ఈపీలతో వచ్చి పడతారు. అరెస్టు భయం తీరింది, ఊరు మారాం, ఇక చాలనుకుని ఈ దరఖాస్తు వేయనివాళ్ల వల్లే ఐపీకి ‘ఎగవేత’ అన్న పేరు స్థిరపడింది. వాళ్లు ఎగవేసిందీ లేదు. బాకీ అలాగే బతికి ఉంటుంది.

దరఖాస్తు వేసినా డిశ్చార్జి ఖాయం కాదు. ఆస్తులు రూపాయికి అర్ధరూపాయి చొప్పున కూడా పంచడానికి చాలకపోతే కోర్టు పూర్తి డిశ్చార్జి ఇవ్వకూడదు. ఆ కొరత తన తప్పిదం కాని పరిస్థితుల వల్ల వచ్చిందని చూపిస్తే తప్ప. లెక్కల పుస్తకాలు రాయకపోవడం, దివాలా స్థితి తెలిసీ వ్యాపారం సాగించడం, తీర్చే ఆశ లేకుండా అప్పు చేయడం, జూదం, దుబారా, ఆస్తి దాచడం కూడా అడ్డంకులే. పావలా మాత్రమే చేతిలో ఉన్న ఎరువుల వ్యాపారి కేసు ఇక్కడే తేలుతుంది. రెండేళ్లు పంట పోయిందనీ, రైతుల ఖాతాలు మొండిబాకీలయ్యాయనీ పుస్తకాలు తెరిచి చూపగలిగితే ఒక మాట. ఆన్‌లైన్ బెట్టింగులో పోగొట్టాడని స్టేట్‌మెంట్లు చెబితే ఇంకో మాట. బావమరిది స్థలం సంగతి కూడా ఇక్కడ మళ్లీ లేస్తుంది. ఈలోగా అప్పులవాళ్లతో రాజీకి దారి తెరిచే ఉంటుంది. బాకీ రుజువు చేసుకున్నవారిలో ఎక్కువమంది, విలువలో నాలుగింట మూడొంతులు కలిగినవారు ఒప్పుకుంటే కోర్టు ఆ ఒప్పందాన్ని ఆమోదించవచ్చు. నిజాయితీపరుడికి ఇదే మెరుగైన దారి.

డిశ్చార్జి వచ్చినా పోని బాకీలున్నాయి. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో చేసినవి, భార్యాపిల్లలకు కోర్టు విధించిన మనోవర్తి. హామీదారుడికి విముక్తి అసలే లేదు. చిట్ ఫండ్ కంపెనీలు ఉద్యోగుల సంతకాలు ష్యూరిటీగా అడిగేది ఇందుకే. పాట పాడుకున్నవాడు డిశ్చార్జి పొంది బయటపడితే, స్నేహం కొద్దీ సంతకం పెట్టిన టీచరు జీతంలోంచి కోత మొదలవుతుంది.

డిశ్చార్జి కాని మనిషి మీద ఆంక్షలూ తక్కువేం కావు. తాను డిశ్చార్జి కాని దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు, అంతకు మించి అరువు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ఈ అంకె కూడా 1920దే. స్థానిక సంస్థలకు ఎన్నిక కాలేడు. రాజ్యాంగం 102, 191 అధికరణలు అతన్ని పార్లమెంటుకూ, శాసనసభకూ అనర్హుణ్ణి చేస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తన మీద దివాలా వ్యవహారం మొదలవగానే శాఖకు తెలియజేయాలి. ఆస్తి దాచినా, పుస్తకాలు మాయం చేసినా ఏడాది దాకా శిక్ష వేరే.

ఇంత చదివాక, క్రెడిట్ కార్డులూ పర్సనల్ లోన్లూ మీద పడిన ఉద్యోగికి ఐపీ పనికొస్తుందా అన్న ప్రశ్న మిగులుతుంది. చాలామందికి పనికిరాదు. వాళ్ల బాధ ఆస్తుల పంపకం కాదు, రికవరీ ఏజెంట్ల ఫోన్లు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధన, బ్యాంకుతో వన్ టైమ్ సెటిల్‌మెంటు, లోక్ అదాలత్ వాళ్లకు దగ్గరి దారులు. చేతిలో నాలుగు రకాల ఆస్తి, తల చుట్టూ నలభై మంది అప్పులవాళ్లు ఉన్న వ్యాపారికే ఐపీలో అర్థం ఉంది.

ఐబీసీ మూడో భాగం పూర్తిగా అమలైతే ఈ కేసులు సబ్ కోర్టుల నుంచి డెట్ రికవరీ ట్రైబ్యునళ్లకు మారతాయి. బీదవారి కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ పేరుతో బాకీల మాఫీ ఏర్పాటు కూడా అందులో ఉంది. దానికి అర్హత: ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తులు 20 వేలు, మాఫీ కోరే బాకీలు 35 వేలకు మించకూడదు, సొంతిల్లు ఉండకూడదు. 2016లో రాసిన ఈ పరిమితులు అమల్లోకి రాకముందే పాతబడ్డాయి. ఇవాళ ఏ మైక్రోఫైనాన్స్ గ్రూపు మహిళకైనా ఒక్క విడత అప్పే ఆ 35 వేలను దాటవచ్చు. ట్రైబ్యునళ్లున్నవి హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో. సబ్ కోర్టయితే బస్సెక్కితే చేరే పట్టణంలో ఉంటుంది. నలభై మంది చిన్న అప్పులవాళ్లు, అందులో కూరగాయలమ్మే ఆవిడా ఉంటుంది, బాకీ రుజువు చేసుకోవడానికి విశాఖ దాకా వెళ్లే ఏర్పాటు చేస్తే పంపకంలో మిగిలేది బ్యాంకులూ డిస్ట్రిబ్యూటర్లే. కొత్త భాగాన్ని నోటిఫై చేసే ముందు అంకెలు దిద్దడంతో పాటు, చిన్న మొత్తాల దివాలా కేసులను సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లోనే ఉంచే వీలు కల్పించడం మేలు.